తొమ్మిదో గ్రూపు

1. కళింగపట్నం ఎదుట లంగరు. మంచి ఎండ.

మబ్బు విడిచింది. పొద్దున్నే సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాం. మధ్యాహ్నం కాకముందే ఊళ్లో ఫోన్లన్నీ నిండుగా ఛార్జ్ అయ్యాయి. సూర్యుడికి ఒక నమస్కారం పెట్టుకుని పనిలో కూర్చున్నాను.

నా పని ‘పొంతన’ యాప్ బాగోగులు చూసుకోవడం. ఊళ్లో రెండు రకాల ఫోన్లున్నాయి. నల్లవి ఒక కార్ఖానావి, ఎర్రవి ఇంకో కార్ఖానావి. ఆ రెండు కార్ఖానాలూ ఇప్పుడు లేవు. నల్ల ఫోను లోపలి భాష ఎర్ర ఫోనుకు అర్థం కాదు. పొంతన ఒక్కటే రెండింటిలోనూ నడుస్తుంది. వంట బల్లకట్టు మీద నల్ల ఫోనులో రాసిన గళ్ల షీటు, మంచినీళ్ల బల్లకట్టు మీద ఎర్ర ఫోనులో తెరుచుకుంటుంది. ఎవరింట్లో ఎంతమందికి వండాలి, ఏ పీపాలో నీళ్లెంత, ఏ తాడు ఎప్పుడు మార్చాలి, అన్నీ షీట్లే. నాకు ముందు ఈ యాప్‌ను చేత్తో మోసుకొచ్చినవాళ్లలో చాలామంది మొహాలు కూడా నేను చూడలేదు. వాళ్ల పుణ్యమా అని మా కొత్త భావనపాడు ఇన్ని బల్లకట్ల మీద చెల్లాచెదురుగా తేలుతున్నా ఒకే ఊరిలా బతుకుతోంది.

ఈ రోజు చేపలు ఎండబెట్టే ముసలావిడ ఫోను పట్టుకుని వచ్చింది. షీటు గడుల నిండా అంకెలకు బదులు ### అని కంచె లాంటి గుర్తులు వచ్చాయట. ఫోనుకు దిష్టి తగిలిందని ఆవిడ నమ్మకం. గడి ఇరుకైతే అంకెలు పట్టక అలా చూపిస్తుందని చెప్పి, నిలువు వరసను వేలితో కాస్త వెడల్పు చేశాను. అంకెలు బయటికొచ్చాయి. దిష్టి తీశానని సంతోషపడి గుప్పెడు ఎండు నెత్తళ్లు ఇచ్చి వెళ్లింది.

అంతలో మా ఆడబిడ్డ పైడమ్మ నీళ్లోడుతూ వచ్చి ఫోన్ల పక్కనే కూర్చుంది. బల్లకట్ల కిందికి మునిగి, నీళ్ల జల్లెడలకు పట్టిన నాచు గీకడం దాని పని. ఫోన్ల మీద నీళ్లు పడతాయని కసిరాను. అది నవ్వి సగం నెత్తళ్లు తీసుకుపోయింది.

2. అక్కడే. సముద్రం బాగా లేదు.

రాయాలని లేదు. అయినా రాయాలి.

ఎక్కడో దూరంగా తుపాను పుట్టినట్టుంది. గాలి లేదు, వాన లేదు, పెద్ద పెద్ద అలలు మాత్రం వరసగా వచ్చాయి. పైడమ్మ మంచినీళ్ల బల్లకట్టు కింద పని ముగించి పైకి ఎక్కుతోంది. ఆ అలకు రెండు బల్లకట్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. దాని కుడికాలు మధ్యలో పడింది.

మా ఆయన దానయ్య దూకి చెల్లెల్ని పైకి తీశాడు. చెక్కల మీద అంత రక్తం నేను ఎప్పుడూ చూడలేదు. డాక్టరు హసీనా పరుగెత్తుకొచ్చి తొడ మీద పటకా బిగించి కట్టింది. ఆమె చేతులు ఎంత నిదానంగా కదిలాయో ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు కృతజ్ఞత ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు. ఆమె ఇంకో బల్లకట్టు మీద ఉండి ఉంటే పైడమ్మ ఉండేది కాదు.

రక్తం ఆగింది. కానీ తొడ ఎముక విరిగి చర్మం చీల్చుకుని వచ్చింది. లోపల కడ్డీ వేసి అతకాలి. మిగిలిన రక్తంతో ఆ ఆపరేషను తట్టుకోలేదని హసీనా చెప్పింది. ముందు రక్తం ఎక్కించాలి, తర్వాతే కత్తి పట్టుకుంటానంది.

3. అక్కడే. అలలు తగ్గాయి.

పైడమ్మది ‘ఓ’ గ్రూపు అని కార్డులో ఉంది. నాదీ ఓ. నేను అందరికన్నా ముందు చెయ్యి చాపాను.

ఎక్కించే ముందు హసీనా ఒక గాజుపలక మీద పైడమ్మ రక్తపు చుక్క నుంచి తీసిన తేటా, నా రక్తపు చుక్కా కలిపింది. రెండూ కలిసిపోతే మంచిది. కలవలేదు. పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విడిపోయింది. నా రక్తంలో ఏదో దోషముందేమో అనుకుని ఇంకో ఓ గ్రూపు మనిషిని పిలిచింది. అదీ విరిగింది. ఆ పూటంతా ఊళ్లో ఓ గ్రూపు వాళ్లందరూ వరసగా వచ్చారు. అడగకుండానే వచ్చారు. ఒక్కరిదీ కలవలేదు. తోడబుట్టినవాడిది కలిసే వీలు ఎక్కువని దానయ్యది రెండుసార్లు చూసింది. అదీ అంతే.

హసీనా గాజుపలకలన్నీ వరసగా పేర్చి మరోసారి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. బాంబే గ్రూపు అని ఒకటుంది. మొదట ఆ ఊళ్లో కనిపెట్టారు కనుక ఆ పేరు. మామూలు పరీక్షలో అచ్చం ఓ లాగే కనిపిస్తుంది. కానీ ఓ గ్రూపు రక్తాన్ని కూడా రానివ్వదు. ఆ గ్రూపు వాళ్లకు ఆ గ్రూపు వాళ్ల రక్తమే పడుతుంది. వేలమందిలో ఒకరు ఉంటే ఉంటారు. చదువుకునేటప్పుడు పుస్తకంలో చూసిందట, మనిషిని చూడటం ఇదే మొదలట.

పలకతో చూడకుండా తొందరపడి నా రక్తం ఎక్కించి ఉంటే ఏమయ్యేదని అడిగాను. పైడమ్మ ఒంట్లోనూ ఇలాగే విరిగేదని హసీనా చెప్పింది. ఆ అలవాటు ఆమెకు నేర్పినవాళ్లు చల్లగా ఉండాలి.

పైడమ్మ మత్తులో ఉన్నా అంతా వింటూనే ఉంది.

“ఏటి వదినా, నా రగతం కూడా నాలాగ మొండిదేనా?” అంది.

“మొండిదే. నీకు తగ్గదే,” అన్నాను.

4. అక్కడే.

తీరం పొడవునా మాతో కలిపి ఇలాంటి ఊళ్లు ఆరున్నాయి. ఉత్తరాన కొత్త బారువ, ఆ తర్వాత మేము, కిందికి పోతే కొత్త పూడిమడక, కొత్త ఉప్పాడ, కొత్త మంగినపూడి, అన్నిటికన్నా దక్షిణాన కొత్త నిజాంపట్నం. ఆరూళ్లకూ కలిపి ఒక రక్తం షీటు ఉంది. పెద్దవాళ్ల పేరు, ఊరు, గ్రూపు అందులో ఉంటాయి. వైర్‌లెస్ మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లి, ఎవరి మార్పులు వాళ్లు చేసి పంపితే తిరిగి తిరిగి మా దగ్గరికి వస్తుంది.

బాంబే అని వెతికాను. ఒక్క వరస కూడా లేదు. గ్రూపు గడి ఖాళీగా ఉన్న వరసలు మాత్రం చాలా ఉన్నాయి. గ్రూపు తెలియనివాళ్లు ఖాళీగా వదిలేయడం మామూలే.

అయినా ఊరుకోబుద్ధి కాలేదు. షీటు ఫైలు చూడటానికి ఒకటే అనిపిస్తుంది కానీ నిజానికి అదొక మూట. విప్పితే లోపల చిన్న చిన్న ఫైళ్లు ఉంటాయి. ఒకదాంట్లో మాటలన్నీ వరసగా రాసి ఉంటాయి. ఇంకోదాంట్లో గడులుంటాయి. ఏ గడిలో ఏ మాట కనిపించాలో అక్కడ నంబరుతో గుర్తు పెట్టి ఉంటుంది. పొంతన ఎప్పుడూ ఆ మూట విప్పి మనకు గళ్ల కాగితంలా చూపిస్తుంది. ఈ రోజు పొంతనను పక్కన పెట్టి మూటను నేనే విప్పాను.

మాటల ఫైల్లో, పేర్ల మధ్య, ఊళ్ల మధ్య, ఎనిమిది గ్రూపుల కింద, తొమ్మిదోది కనిపించింది. బాంబే.

మాట ఉంది. ఆ మాటను చూపించే గడి మాత్రం ఒక్కటీ లేదు. అంటే ఎవరో ఎప్పుడో ఎక్కడో రాశారు. తర్వాత గడిలోంచి అది పోయింది, మాటల వరసలో మాత్రం మిగిలిపోయింది. రాసింది ఎవరు, ఏ ఊరివాళ్లు అన్నది ఫైలు చెప్పలేదు. చెప్పే వీలూ లేదు. అయినా లేచి వెళ్లి హసీనాను పట్టుకుని ఏడ్చాను. ఎక్కడో ఒక మనిషి ఉన్నారు, అది చాలు.

5. అక్కడే. పడమటి గాలి.

గడి ఎలా ఖాళీ అవుతోందో పొద్దుటే తేలింది.

ఒక ఎర్ర ఫోను, ఒక నల్ల ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎర్ర ఫోనులో గ్రూపు గడిలో బాంబే అని టైపు చేశాను. నిలిచింది. ఆ ఫైలును నల్ల ఫోనుకు పంపి, దాంట్లో ఇంకెక్కడో ఒక పేరు మార్చి సేవ్ చేశాను. బాంబే పోయింది. గడి ఖాళీ.

ఆ గడికి ఎనిమిది గ్రూపుల జాబితా కట్టి ఉంది. వేలు పెడితే ఎనిమిదీ కిందికి జారతాయి, ఒకటి ఎంచుకోవాలి. జాబితా పెట్టినవాళ్లు మంచికే పెట్టారు. అంతకుముందు ఓ గ్రూపునే జనం తలా ఒక రకంగా రాసి, అవసరానికి వెతికితే దొరక్కుండా పోయేదట. ఎర్ర ఫోనులో పొంతన జాబితాలో లేని మాటను కూడా ఒప్పుకుంటుంది. నల్ల ఫోనులో సేవ్ చేసేటప్పుడు మాత్రం మాటల ఫైలును ముట్టుకోకుండా గడులన్నీ కొత్తగా రాస్తుంది. జాబితాలో లేనిది కనిపిస్తే తప్పనుకుని వదిలేస్తుంది. ఆరూళ్లలో ఎక్కడో ఒకచోట నల్ల ఫోను తగలకుండా షీటు తిరిగి రాదు. కాబట్టి ఆ మాట ఏ చుట్టులోనూ బతకదు.

సరిచేయడానికి ఎంతో సేపు పట్టలేదు. నీకు తెలియని మాట ఎదురైతే దాన్ని అలాగే ఉంచి ముందుకు వెళ్లు, అని పొంతనకు నేర్పాను. జాబితాలో తొమ్మిదోది కూడా చేర్చాను. మా ఊరి ఫోన్లలో సాయంత్రానికల్లా కొత్త పొంతన ఎక్కించాను. మిగతా ఊళ్లకు వైర్‌లెస్ మీద పంపాలి. అది నత్తలా వెళుతుంది.

పైడమ్మకు జ్వరం మొదలైంది.

6. అక్కడే.

వైర్‌లెస్ దగ్గరే కూర్చున్నాను. బారువ నర్సు షీటు చూసి, మా ఊళ్లో లేరని చెప్పింది. పూడిమడక నుంచి అదే మాట. ఉప్పాడ, మంగినపూడి నుంచి అదే మాట. ప్రతి ఒక్కరూ పాపం వెంటనే చూసి, వెంటనే చెబుతున్నారు. షీటు చూసి చెబుతున్నారు.

అప్పుడు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. షీటు చూడవద్దు, షీటు మనకు అబద్ధం చెబుతోంది, మనుషుల్ని అడగండి, ఇల్లిల్లూ తిరగండి, పనిలో ఉన్నవాళ్లని పిలిచి అడగండి అన్నాను. ఎవరూ విసుక్కోలేదు. నాలుగూళ్లలోనూ భోజనాల వేళ జనాన్ని కూర్చోబెట్టి అడిగారు. బారువలో గ్రూపు తెలియనివాళ్లందరి రక్తం గాజుపలక మీద చూశారట. మంగినపూడిలో వేటకు వెళ్లిన పడవల్ని వెనక్కి పిలిచి మరీ అడిగారట. నా ఆడబిడ్డను వాళ్లెప్పుడూ చూడలేదు. అయినా అడిగారు. ఈ మేలు నేను ఏ గడిలో రాసుకోను?

ఎవరూ లేరు.

నిజాంపట్నం నుంచి అసలు జవాబే లేదు. అక్కడ తుపానుకు వైర్‌లెస్ స్తంభం విరిగిందని మంగినపూడి వాళ్లు చెప్పారు.

గాయంలో చీము పట్టింది. ఎముకను ఇలాగే వదిలేస్తే కాలు తీసేయాల్సి వస్తుందని, కాలు తీయాలన్నా రక్తం కావాలని హసీనా దానయ్యతో చెప్పింది. ఆయన వెళ్లి చెల్లెలి తల నిమురుతూ కూర్చున్నాడు.

7. అక్కడే. తేట ఆకాశం.

నిజాంపట్నం పలికింది.

అక్కడ పొంతన పని చూసే ఆయన పేరు డేవిడ్ రత్నం. విరిగిన స్తంభాన్ని వెదురుతో కట్టి నిలబెట్టి, పలికిన మొదటి మాటగా మా గురించే అడిగాడు. మాకు రక్తం కావాలని మాత్రం మంగినపూడి పడవ వెళ్లి చెప్పిందట. నేను బాంబే అనగానే ఒక్క నిమిషం ఆగమన్నాడు. చాలా నిమిషాలు గడిచాయి. తర్వాత ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

“ఆదెమ్మనమ్మా. ఉప్పు మళ్ల దగ్గర వంట చేస్తా. నాది ఆ గ్రూపే.”

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఖాయంగా తెలుసా అని అడిగాను. పాత ఓడలు విప్పే రేవులో పని చేసేటప్పుడు ఒక డాక్టరు పరీక్ష చేసి, ఇది జన్మంతా గుర్తుపెట్టుకోమని చెప్పాడట. ఆ రేవు మునిగిపోయాక ఆమె నిజాంపట్నం వచ్చి చేరింది. ఓడలు విప్పేవాళ్లంటే మొదట్లో ఊళ్లో కాస్త దూరంగా పెట్టేవారని, ఇప్పుడంతా బాగానే ఉందని, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు చెప్పింది.

షీటులో ఎప్పుడైనా రాశారా అని అడిగాను.

“వచ్చినప్పుడల్లా రాశానమ్మా. తిరిగొచ్చేసరికి ఖాళీగా ఉండేది. మళ్లా రాసేదాన్ని. ఓడలు విప్పినోళ్ల రక్తం మనకెందుకులే అని ఎవరో చెరిపేస్తున్నారనుకున్నా.”

ఎవరూ చెరపలేదని, యాప్‌కు ఆ మాట తెలియక వదిలేసిందని చెప్పాను. అంతేనా, అంది. అంతే అన్నాను.

“మరి చెరిపేస్తున్నారని అనుకుంటూ కూడా మళ్లీ ఎందుకు రాశారు ఆదెమ్మగారూ?”

“చెరిపేటోళ్లకి అక్కర్లేదేమో గానీ, పడిపోయినోళ్లకి కావాలి గదమ్మా,” అంది. “మీ పిల్లకి ఎట్టా ఉంది? నేను ఏ పడవెక్కాలో చెప్పు.”

8. అక్కడే. ఎదురుగాలి.

రక్తాన్ని మంచులో పెట్టి పంపితే చాలదా అని దానయ్య అడిగాడు. దారి పొడుగునా మంచు నిలవదని, మనిషే రావాలని హసీనా చెప్పింది.

ఈ కాలంలో నిజాంపట్నం నుంచి ఇంత దూరం ఒకే పడవలో రావడం కుదరదు. అందుకని ఊళ్లు వాళ్లలో వాళ్లే ఒక ఏర్పాటు చేసుకున్నాయి. నిజాంపట్నం పడవ మంగినపూడి దాకా, అక్కడి నుంచి మంగినపూడి వాళ్లు ఉప్పాడ దాకా, ఉప్పాడ వాళ్లు పూడిమడక దాకా. పూడిమడక నుంచి తీసుకురావడానికి దానయ్యే మా పడవ తీసుకుని వెళ్లాడు. ప్రతి ఊళ్లోనూ ఆమె దిగేసరికి అన్నం వండి ఉంచుతున్నారని, అలసట తీరని తెడ్లవాళ్లను సిద్ధంగా పెడుతున్నారని వైర్‌లెస్‌లో వింటున్నాను.

నేను చేయగలిగింది నేను చేస్తున్నాను. కొత్త పొంతనను ముక్కలు ముక్కలుగా కింది ఊళ్లకు పంపుతున్నాను. రత్నం అటువైపు ఒక్కో ముక్కా సరిగ్గా అందిందో లేదో చూసి చెబుతున్నాడు. ఆయన చాలా ఓపిక గల మనిషి. ఆదెమ్మ గడి ఖాళీ అవడం ఇన్నాళ్లూ తన కళ్ల ముందే ఉన్నా తాను అడగలేదే అని ఒకసారి బాధపడ్డాడు. అడగాలని తట్టేటట్టు ఆ గడి కనిపించలేదు, ఖాళీ గడులు వందలున్నాయి, మీ తప్పేముంది అన్నాను. నిజంగానే అన్నాను.

పైడమ్మ ఒళ్లు కాలిపోతోంది. హసీనా దగ్గరున్న మందులో చివరి సీసా తెరిచింది. మధ్యలో తెలివి వచ్చినప్పుడు పైడమ్మ, నాచు ఎవరు గీకుతున్నారని అడిగింది. ఎవరో గీకుతున్నారులే అన్నాను. సరిగ్గా గీకమను, మూల జల్లెడ దగ్గర ఎక్కువ పడుతుంది అంది.

9. అక్కడే. సముద్రం నిద్రపోతున్నట్టుంది.

ఆదెమ్మ వచ్చింది.

దానయ్య చెయ్యి పట్టుకుని పడవ దిగింది. సన్నటి మనిషి. యాభై దాటి ఉంటాయి. దారంతా వాంతులతో మొహం పీక్కుపోయింది. దిగగానే పిల్ల ఎక్కడ అని అడిగింది. చీర కొంగు బిగించి ఇప్పుడే తీసుకోమని చెయ్యి చాపింది. హసీనా ఒప్పుకోలేదు. ఇంత నీరసంగా ఉన్న మనిషి దగ్గర తీసుకోనని, ముందు తిని, తాగి, పడుకోవాలని ఆజ్ఞ వేసింది. పైడమ్మ అంతవరకు ఆగగలదా అని నేను అడిగితే, ఆగేలా చూసే పూచీ నాది అంది. ఒక మనిషిని బతికించడానికి ఇంకో మనిషిని పడగొట్టను అంది.

ఊరు ఊరంతా వంట బల్లకట్టు మీద చేరింది. ఆమెకు గంజి, తర్వాత అన్నం, చేపల పులుసు పెట్టారు. చేపలు ఎండబెట్టే ముసలావిడ దగ్గర కూర్చుని విసిరింది. ఆదెమ్మ ఇంతమంది తన కోసం చుట్టూ మూగడం చూసి బిగుసుకుపోయింది. నిద్ర లేచాక కాస్త రంగు వచ్చింది.

తెల్లవారాక గాజుపలక తెచ్చారు. ఇటు చుక్క, అటు చుక్క. హసీనా పలకను మెల్లగా అటూ ఇటూ వంచింది. దానయ్య చూడలేక సముద్రం వైపు తిరిగాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. రెండు చుక్కలూ ఒకదాంట్లో ఒకటి కలిసి, నున్నగా, ఒకే రంగుగా పరుచుకున్నాయి.

విరగలేదు.

హసీనా ఇంకో పలక తీసి మళ్లీ చూసింది. మళ్లీ కలిసింది. అప్పుడు పలక కింద పెట్టి, ఆదెమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఒక మనిషి దగ్గర ఒక్క సంచీయే తీసుకోవచ్చు. రెండు ఉంటే నిశ్చింతగా ఉండేదని హసీనా అంది. ఉన్నదాంతోనే చేస్తానంది. మంచి వెలుతురులో, బల్లకట్టు కదలకుండా నాలుగు వైపులా లంగర్లు వేసి, లోపలికి వెళ్లారు. మేము బయట కూర్చున్నాం. ఆదెమ్మ మోచేతికి దూది నొక్కుకుని నా పక్కనే కూర్చుంది. కాసేపయ్యాక ఆమె నా చేతిలోని ఫోను చూసి, ఆ మాట ఇప్పుడు నిలుస్తుందా అని అడిగింది. నా దగ్గర ఒకటి నల్లది, ఒకటి ఎర్రది ఉన్నాయి. ఆమె చేతే రాయించాను. ఒకదాంట్లో సేవ్ చేసి ఇంకోదాంట్లో తెరిచి చూపించాను. మళ్లీ అటు నుంచి ఇటు. ఆదెమ్మ, కొత్త నిజాంపట్నం, బాంబే. ఆమె దాన్ని వేలితో ముట్టుకుని చూసింది.

హసీనా బయటికి వచ్చినప్పుడు ముందుగా కాలు నిలిచిందని చెప్పింది. తర్వాత మనిషి కూడా నిలిచిందని చెప్పింది. దానయ్య చెక్కల మీద సాష్టాంగపడ్డాడు. హసీనాకా, ఆదెమ్మకా, సముద్రానికా. నాకు తెలియదు. అందరికీ అనుకుంటాను.

10. పూడిమడక వైపు సాగుతున్నాం. చలిగాలి మొదలైంది.

చాలా రోజులుగా రాయలేదు. రాయనక్కర్లేని రోజులు కావడం వల్లనే.

జ్వరం పోయింది. కుట్లు ఆరాయి. పైడమ్మ రెండు చంకల కింద కర్రలు పెట్టుకుని బల్లకట్టు అంతా తిరుగుతోంది. మూల జల్లెడ సరిగ్గా గీకలేదని అందరి మీదా విరుచుకుపడుతోంది. నీళ్లలోకి దిగడానికి ఇంకా చాలా కాలం పడుతుందని హసీనా చెబితే, వినిపించనట్టు నటించింది.

ఆదెమ్మ గాలి మళ్లేదాకా మాతోనే ఉంది. ఊరకే కూర్చోలేనని వంట బల్లకట్టు మీద గరిటె పట్టుకుంది. నిజాంపట్నం తీరు కారం మా వాళ్లకు మొదట కళ్లనీళ్లు తెప్పించింది. ఇప్పుడు అదే కావాలంటున్నారు. ఈ రోజు దక్షిణానికి వెళ్లే పడవ వచ్చింది. ఆమె మూట సర్దుకుంది.

ఎక్కే ముందు పైడమ్మ ఆమెను నా దగ్గరికి లాక్కొచ్చింది. రక్తం షీటు తెరవమంది. తన వరస వెతకమంది. పేరు పక్కన ఇంకా పాత ఓ ఉంది. నేను మార్చబోతుంటే నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఒక్క వేలితో, పెదవులు కదిలించుకుంటూ, తనే టైపు చేసింది. బాంబే. సేవ్ నొక్కి ఆదెమ్మకు చూపించింది.

ఆదెమ్మ రెండు పేర్లనూ చాలాసేపు చూసింది. ఆరూళ్లకూ కలిపి ఇద్దరే.

“ఇన్నేళ్లూ పడవెక్కినా భయమే, కత్తి పట్టినా భయమే,” అంది. “నాకేదన్నా అయితే ఎక్కించడానికి ఎవరూ లేరు గదా అని. ఒక్కదాన్నే అనుకున్నా.”

“నానున్నాను గదప్పా,” అంది పైడమ్మ, సొంత అక్కను పిలిచినట్టు. “కబురు సెయ్. కుంటుకుంటూనైనా వొచ్చీస్తాను.”

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. నేను ఫోన్లు తడవకుండా పక్కకు తీశాను.

షీటు ఆరూళ్లూ తిరగడానికి బయలుదేరింది. ఇప్పుడు అన్ని ఊళ్లలోనూ కొత్త పొంతన నడుస్తోందని రత్నం కబురు పంపాడు. పడవ కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి భోజనానికి వెళ్లాం.

హసీనా పైడమ్మ కళ్ల కింది రెప్ప లాగి చూసి, రక్తం ఇంకా తక్కువే, నువ్వు ఎవరికైనా ఇవ్వాలంటే ఏడాది పైనే పడుతుందంది. మునగాకు పప్పు వడ్డిస్తున్నారు. పైడమ్మకు మునగాకంటే గిట్టదు. చిన్నప్పటి నుంచి దాన్ని చూస్తే మొహం తిప్పుకునే మనిషి. ఈ రోజు కంచం ముందుకు చాపింది. వడ్డించేవాళ్లు సగం గరిటె వేసి ఆపబోతే, చెయ్యి వెనక్కి తీయలేదు.

“ఇంకొంచెం ఎయ్యండి,” అంది. “ఆదెమ్మప్పకి కావాలంటే నా ఒంట్లో ఉండాల గదా.”

నేను నా గరిటెడు కూడా దాని కంచంలోనే వేశాను.